రెండు రోజుల స్కల్ బేస్ కడావర్ కోర్సులో టైమ్ దేనికి పెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: ఈఎన్‌టీ పీజీ అయింది, సైనస్ సర్జరీ చేతికొచ్చింది, ముక్కు ద్వారా చేసే స్కల్ బేస్ (పుర్రె అడుగు భాగం) సర్జరీకి రెండు రోజుల కడావర్ (మృతదేహం మీద నేర్పే) కోర్సుకి వెళ్తున్నారు, తల ఒక్కటే, దానికి ఇద్దరు. ఏం నేర్చుకుని రావాలి?

ముందు ఆశ కాస్త తగ్గించుకోండి. ప్రోగ్రామ్ షీట్‌లో క్లైవస్ (పుర్రె అడుగున మధ్య ఎముక), కావర్నస్ సైనస్ (పిట్యూటరీ పక్కన సిరల గది) అన్నీ ఉంటాయి. పిట్స్‌బర్గ్ బృందం ఈ సర్జరీని అయిదు మెట్లుగా విడదీసింది: సైనస్ సర్జరీ, తర్వాత ఒకే మెట్టుగా పిట్యూటరీ గ్రంథి, సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) లీక్ రిపేర్, ఆపైన డ్యూరా (మెదడు మీది పొర) బయటి పని, డ్యూరా లోపలి పని, చివర రక్తనాళాలు. మీరున్నది మొదటి మెట్టు దాటే దగ్గర. కాబట్టి మొదటి రోజంతా ఫ్లాప్ (చివర చిల్లు మూయడానికి సెప్టమ్, అంటే ముక్కు మధ్య గోడ, నుంచి లేపే మ్యూకోసా పొర), దారి, సెల్లా (పిట్యూటరీ కూర్చునే ఎముక గుంట) మీదే పెట్టండి. మిగతాది చూస్తే చాలు.

వెళ్లేముందు జత చూసుకోండి. న్యూరోసర్జన్ దొరికితే మంచిది, ఎందుకంటే ఇది నాలుగు చేతుల పని. కుడి నాసికలో 12 గంటల స్థానంలో 4 మిల్లీమీటర్ల జీరో డిగ్రీ స్కోప్, దాని కిందే 6 గంటల దగ్గర సక్షన్, ఎడమ నాసికలోంచి డ్రిల్ లేదా డిసెక్టర్. స్కోప్ పట్టుకునేవాడు కదులుతూనే ఉండాలి. స్టాండ్‌కి బిగించి వదిలేస్తే లోతు అంచనా పోతుంది.

కత్తి పెట్టేముందు ఆ తల సీటీ ఉంటే అడగండి. స్ఫీనాయిడ్ (ముక్కు వెనక చివరి సైనస్) లోపలి గోడలు ఎక్కడ అతుక్కున్నాయో చూడండి. చాలాసార్లు అవి నేరుగా కెరోటిడ్ (మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) మీదే దిగుతాయి. అలాంటి గోడను ఫోర్సెప్స్‌తో పట్టి మెలితిప్పడం కడావర్‌లో ఏమీ అనిపించదు, థియేటర్‌లో ప్రాణం మీదికొస్తుంది. డ్రిల్‌తోగానీ, తెంచకుండా కోసే ఫోర్సెప్స్‌తోగానీ తీయండి.

టేబుళ్ల దగ్గర నేను ఎక్కువగా చూసే పొరపాటు వేరే ఉంది. వచ్చీ రాగానే స్ఫీనాయిడ్ తెరిచేస్తారు, ఫ్లాప్ సంగతి సాయంత్రం గుర్తొస్తుంది. అప్పటికి దాని కాడ తెగిపోయి ఉంటుంది. 2006లో వచ్చిన హదాద్ ఫ్లాప్‌కి రక్తం స్ఫీనోపాలటైన్ ఆర్టరీ కొమ్మ నుంచి వస్తుంది. ఆ కొమ్మ స్ఫీనాయిడ్ ఆస్టియంకీ (సైనస్ నోరు) కోఆనాకీ (ముక్కు వెనక ద్వారం) మధ్య మ్యూకోసాలో నడుస్తుంది. ఆస్టియం కోఆనాకి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పైన దొరుకుతుంది. పై కోత ఆస్టియం దగ్గర మొదలై, సెప్టమ్ పై అంచుకి ఒకటి రెండు సెంటీమీటర్ల కింద ముందుకి రావాలి. అంతకంటే పైకి వెళ్తే వాసన పోతుంది. కింది కోత కోఆనా అంచు, సెప్టమ్ వెనక అంచు పట్టుకుని మాక్సిల్లరీ క్రెస్ట్ (సెప్టమ్ అడుగున ఎముక గట్టు) మీదుగా వస్తుంది. ముందు నిలువు కోతతో రెండూ కలుస్తాయి. నిలువు కోతని వెనక్కి పెడితే ఫ్లాప్ పొట్టిదవుతుంది. క్రెస్ట్ దగ్గరా, స్పర్ (ముల్లులా పొడుచుకొచ్చిన ఎముక) ఉన్నచోటా చిరుగుతుంది, అక్కడ తొందర వద్దు. లేచిన ఫ్లాప్‌ని నాసోఫారింక్స్‌లోకి (ముక్కు వెనక గొంతు భాగం) నెట్టి పెట్టాకే వెనక సెప్టమ్ ఒకటి, రెండు సెంటీమీటర్లు తీయండి. ఇది చిన్నదైతే రెండు పరికరాలూ లోపల కొట్టుకుంటూనే ఉంటాయి.

స్ఫీనాయిడ్‌లో ముందు మధ్య గీత, సెల్లా అడుగు, కింద క్లైవస్ గుంట, రెండు పక్కలా కెరోటిడ్ ఉబ్బు, పైన ఆప్టిక్ (కంటి నరం) ఉబ్బు, ఆ రెంటి మధ్య చిన్న గుంట. ప్రతిదాన్నీ పేరు పెట్టి జతకి చెప్పండి. సైనస్‌లో గాలి నిండని తలలో ఇవేవీ కనిపించవు. అప్పుడు విడియన్ కాలువే (స్ఫీనాయిడ్ అడుగున నరం వెళ్లే సన్న ఎముక కాలువ) దారి. దాని కింది సగంలోనే డ్రిల్ చేస్తూ వెనక్కి వెళ్లండి, కెరోటిడ్ ఎదురవుతుంది.

డ్రిల్‌కి 3 మిల్లీమీటర్ల కోర్స్ డైమండ్ బర్, నీళ్లు ధారగా. బర్ మొనతో గుచ్చకండి, పక్క భాగంతో తుడిచినట్టు నడపండి. ఎముక పల్చబడి కింద నీలం రంగు కనపడగానే ఆగి డిసెక్టర్‌తో ఎత్తండి, మిగిలింది 1 మిల్లీమీటర్ కెరిసన్‌తో (ఎముక కొరికే పరికరం). ఆప్టిక్ కాలువ మీద నీళ్లు తగ్గితే వేడికే నరం దెబ్బతింటుంది. కడావర్‌లో ఇది తెలియదు కాబట్టి జతనే కాపలా పెట్టండి.

కడావర్‌కి రక్తం కారదు, ఇదే పెద్ద లోటు. పంపుతో కెరోటిడ్‌లో ద్రవం పంపే మోడల్ కోర్సులో ఉంటే, తోపులాటైనా ఆ స్టేషన్ వదలకండి. ధార ఏ నాసికలోకి ఎక్కువగా వస్తుందో అందులో పెద్ద సక్షన్, రెండోదాంట్లో స్కోప్. నలిపిన కండ ముక్కని చిల్లు మీద పెట్టి నొక్కి కొన్ని నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. రక్తం ఆగిందని పని ముగియదు, రోగికైతే వెంటనే యాంజియోగ్రామ్ చేయాలి.

చివరి గంట తెరిచిన చిల్లుని మూసే పనికి ఉంచుకోండి. లోపలి పొర పెట్టాక, ఫ్లాప్ ఆనే ఎముక మీది మ్యూకోసా పూర్తిగా గీకేయాలి. మిగిలితే కింద మ్యూకోసీల్ (శ్లేష్మం నిండిన సంచి) కడుతుంది. ఫ్లాప్‌కి సెప్టమ్ ఎముకని అంటుకుని ఉన్న వైపు చిల్లు వైపే ఉందో లేదో రెండుసార్లు చూడండి. అలసటలో తిరగబడి అతికించడం మామూలే.

ఇంటికొచ్చాక పచ్చి గుడ్డు పెంకుని అదే బర్‌తో డ్రిల్ చేయండి, లోపలి పొర చిరగకుండా అర రూపాయంత కిటికీ తీసేవరకు.