రొమాన్స్ లాంగ్వేజెస్‌లో డిగ్రీ: ఖర్చుకు తగినదేనా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 1,50,000 డాలర్లు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఆగస్టులో టెక్సాస్‌లోనే ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో చేరుతుంది. లాటిన్ నుంచి పుట్టిన స్పానిష్, ఫ్రెంచ్ భాషలు కలిపి రొమాన్స్ లాంగ్వేజెస్ మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) చేస్తానంటోంది. హైస్కూల్లో కాలేజీ స్థాయి పరీక్ష అయిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్పానిష్‌లో 5కి 5 వచ్చింది. వసతి, భోజనంతో కలిపి ఏడాదికి 30,000 డాలర్లు అవుతుంది. చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ప్లాన్‌లో 92,000 ఉన్నాయి. ఈ చదువుకు ఇంత పోయడం దండగంటున్నారు బంధువులు. షాద్‌నగర్ దగ్గరున్న ప్లాటు అమ్మి కట్టాలా?

జవాబు: చేర్చండి. ప్లాటు జోలికి వెళ్లకండి. మీకు నష్టం వస్తే మేజర్ వల్ల కాదు, నాలుగేళ్ల చదువు ఐదేళ్లకు సాగడం వల్ల వస్తుంది. అదొక్కటి జరగకుండా చూసుకుంటే మిగతాది మీ చేతుల్లోనే ఉంది.

ముందు డబ్బు సంగతి. నాలుగేళ్లకు 1,20,000, చేతిలో 92,000. తగ్గేది 28,000, అంటే ఏడాదికి 7,000. ఇందులో 2,500 పన్ను లెక్కల్లోనే తిరిగొస్తుంది. దాని పేరు అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్. దంపతుల ఉమ్మడి ఆదాయం 1,60,000 లోపుంటే పూర్తిగా ఇస్తారు, గరిష్ఠంగా నాలుగేళ్లు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: ఫీజు మొత్తం 529 నుంచే కట్టేస్తారు. ఒకే ఖర్చుకు రెండు రాయితీలూ ఇవ్వరు కాబట్టి క్రెడిట్ పోతుంది. ఏటా ట్యూషన్‌లో 4,000 డాలర్లు జీతం నుంచో అప్పు నుంచో కట్టండి, మిగిలినదానికే 529 వాడండి. బిల్లు కట్టిన క్యాలెండర్ సంవత్సరంలోనే ప్లాన్ నుంచి డబ్బు తీయాలి. డిసెంబరులో కట్టి జనవరిలో తీస్తే లెక్క కుదరదు. ఇంకో మాట, మొదటి రెండేళ్లకు కావలసిన సొమ్మును ఇప్పుడే షేర్ల నుంచి తీసి మనీ మార్కెట్‌లాంటి స్థిరమైన చోటికి మార్చండి.

మిగిలిన 4,500కు అమ్మాయి పేరిట ఫెడరల్ స్టూడెంట్ లోన్ చాలు. మొదటి ఏడు 5,500 వరకు, తర్వాత 6,500, ఆపై 7,500 వరకు ఇస్తారు. ఏటా ఎఫ్ఏఎఫ్ఎస్ఏ (ఫెడరల్ విద్యార్థి సాయానికి దరఖాస్తు) ఫారం నింపాలి, ఆదాయం ఎక్కువని మానేయకండి. మీ ఆదాయానికి వచ్చేది బహుశా అన్‌సబ్సిడైజ్డ్ లోన్. వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. చదువు అయ్యేదాకా ఆ వడ్డీ కట్టేస్తూ ఉంటే చివరికి అసలు 18,000 మిగులుతుంది. 6.5 శాతం అనుకుంటే పదేళ్ల పాటు నెలకు సుమారు 204 డాలర్లు. భాషల డిగ్రీతో వచ్చే మామూలు ఉద్యోగంలోనూ ఇది మోయగలిగిన బరువే. ఏటా పెరిగే ఫీజుకు అమ్మాయి వేసవి సంపాదన, క్యాంపస్ ఉద్యోగం డబ్బు దాచుకోండి. తల్లిదండ్రులకిచ్చే ఫెడరల్ అప్పు పేరెంట్ ప్లస్ లోన్ మీ పేరిట వద్దు.

ఇక చదువులో క్రెడిట్ల (కోర్సులకు లెక్కించే గంటల) సంగతి. ఇది అమ్మాయితో కూర్చుని కాగితం మీద వేయాల్సిన లెక్క. డిగ్రీకి 120 క్రెడిట్లు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో అందరికీ ఉండే కోర్ 42. ఈ మేజర్‌కు 33 అనుకుంటే ఇంకా 45 మిగులుతాయి. రెండో మేజర్‌కు చోటు అదే. ఎకనామిక్స్, పబ్లిక్ హెల్త్, స్టాటిస్టిక్స్ లాంటిదేదైనా అదే బీఏలో ఇమిడితే అదనపు ఖర్చుండదు. బిజినెస్ డిగ్రీ అంటే మాత్రం ప్రవేశం విడిగా ఉంటుంది, క్రెడిట్లూ పెరుగుతాయి.

స్పానిష్‌లో 5 ఉంది కాబట్టి ఆ భాషలో పై తరగతిలోకే వెళుతుంది. చిక్కంతా ఫ్రెంచ్‌తోనే. సున్నా నుంచి మొదలుపెడితే మేజర్‌కు లెక్కలోకొచ్చే పై కోర్సులు అందడానికి సాధారణంగా నాలుగు సెమిస్టర్లు పడుతుంది. తొలి సెమిస్టర్ల క్రెడిట్లు మేజర్‌లో కలవకపోవచ్చు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే ఫ్రెంచ్ మొదలవ్వాలి. రెండో ఏటికి వాయిదా వేస్తే ఐదో ఏడు, మరో 30,000 పడే ప్రమాదం ఉంది. డిగ్రీకి కావలసినదానికంటే 30 గంటలు మించితే టెక్సాస్‌లో బయటి రాష్ట్రాలవాళ్ల రేటు వేయొచ్చన్న నిబంధన కూడా ఉంది. పరీక్షతో వచ్చిన క్రెడిట్లను అందులో లెక్కించరు.

విదేశంలో ఒక సెమిస్టర్ తప్పకుండా చేయనివ్వండి. మాట్లాడే ధాటి అక్కడే వస్తుంది. అయితే ఎక్స్ఛేంజ్ పద్ధతినే ఎంచుకోండి, ఫీజు ఇక్కడి రేటులోనే సొంత యూనివర్సిటీకి కడతారు. బయటి సంస్థల ప్రోగ్రాముల్లో ఫీజు ఎక్కువ, స్కాలర్‌షిప్ వర్తించకపోవచ్చు. ఏ కోర్సు మేజర్‌లో కలుస్తుందో వెళ్లకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. విమాన టికెట్‌కు 529 డబ్బు వాడకండి. దాని మీద వచ్చిన లాభానికి పన్నుతోపాటు 10 శాతం జరిమానా పడుతుంది.

చేరేముందు డిపార్ట్‌మెంట్‌ను ఒక ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి: మధ్యలో ఈ మేజర్ ఎత్తేస్తే ఉన్న విద్యార్థులను పూర్తి చేయనిస్తారా? 2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 28 మేజర్లు రద్దు చేసింది, వాటిలో విదేశీ భాషలూ ఉన్నాయి.

టీచర్ కావాలనుకుంటే ఫెడరల్ ప్రభుత్వమిచ్చే టీచ్ గ్రాంట్ గురించి చెబుతారు. విదేశీ భాష అందులో కొరత సబ్జెక్టే, ఏడాదికి 4,000 వరకు ఇస్తారు. కానీ చదువయ్యాక ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు పేద పిల్లలు చదివే బళ్లలో పనిచేయాలి. లేకపోతే అది అప్పుగా మారి, ఇచ్చిన రోజు నుంచీ వడ్డీ పడుతుంది. ఖాయంగా టీచరే అవుతానంటేనే సంతకం పెట్టనివ్వండి.

ప్లాటు అమ్మితే కొన్నవారు సొమ్ములోంచి ముందే పన్ను (టీడీఎస్) కోస్తారు, ప్రవాసులు ఇండియా సొమ్ముకు తెరిచే ఎన్ఆర్ఓ ఖాతా, డబ్బు ఇక్కడికి పంపడానికి పన్ను ఫారాలు, ఇక్కడ మళ్లీ పన్ను లెక్క. 28,000 కోసం అంత తిప్పలు అక్కర్లేదు.

పై చదువు విషయంలో, ఇదే సబ్జెక్టులో డబ్బు కట్టి మాస్టర్స్ చేయించకండి. మంచి పీహెచ్‌డీ ప్రోగ్రాములు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. స్టైపెండ్ లేని సీటు వస్తే ఆ ఏడాది వదిలేసి, ఫ్రాన్స్ ప్రభుత్వం నడిపే టాపిఫ్‌లో బడిలో ఇంగ్లిష్ అసిస్టెంట్‌గా ఏడు నెలలు పనిచేసి మళ్లీ దరఖాస్తు చేసుకోమనండి.