ఆర్‌వీ కొనండి, ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మకండి

ప్రశ్న: డల్లాస్ దగ్గర ప్లేనోలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం. ఇద్దరం అమెరికా సిటిజన్లమే. నాకు గత నవంబరులో 63 నిండాయి, మా ఆవిడకు 60. మార్చి 31న ఉద్యోగం మానేస్తున్నాను. ఇల్లు 2,60,000 డాలర్లకు కొన్నాం, ఇప్పుడు 6,20,000 పలుకుతోంది. లోన్ ఇంకా 90,000 ఉంది. 401కేలో (కంపెనీ ద్వారా పెట్టుకున్న రిటైర్మెంట్ పొదుపు ఖాతా) 9 లక్షలు, బ్యాంకులో 1,10,000 ఉన్నాయి. పిల్లలిద్దరూ వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. ఇల్లు అమ్మేసి, 36 అడుగుల కొత్త క్లాస్ ఎ మోటార్‌హోమ్ (బస్సంత ఉండే ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి) తీసుకుని, అందులోనే ఉంటూ దేశమంతా తిరగాలని కోరిక. ధర 1,80,000. 20 శాతం చేతి నుంచి కడితే మిగతాది 20 ఏళ్ల లోన్ ఇస్తామంటున్నారు. అద్దె ఉండదు, ప్రాపర్టీ ట్యాక్స్ ఉండదు కాబట్టి నెలకు 2,500 డాలర్లతో గడిచిపోతుందని నా లెక్క. ఏటా జనవరి నుంచి మార్చి దాకా విజయవాడలో ఉంటాం. మా ఆవిడ మాత్రం ముందు ఓ వారం అద్దెకు తీసుకుని చూద్దామంటోంది. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ శ్రీమతి గారి మాటను ఉత్తరం చివర ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, మొత్తం ఉత్తరంలో పనికొచ్చే ఆర్థిక సలహా అదే. మీ కోరికకు నేను అడ్డు చెప్పను. 63 ఏళ్లకు ఆరోగ్యం, డబ్బు, తిరగాలన్న ఉత్సాహం మూడూ ఉన్నవాళ్లు ఎంతమంది? కాకపోతే ఇల్లు అమ్మడం, కొత్త బండి కొనడం, ఉద్యోగం మానడం మూడూ ఒకే నెలలో పెట్టుకున్నారు. మూడింటికీ తేదీలు మారాలి.

ముందు బండి సంగతి. 1,80,000లో 36,000 కట్టి 1,44,000 లోన్ తీసుకున్నారనుకుందాం. వడ్డీ 8 శాతమైతే నెలకు దాదాపు 1,205 డాలర్ల వాయిదా. అయిదేళ్లలో 72,000 పైగా కడతారు. అయినా బాకీ ఇంకా 1,26,000 ఉంటుంది, ఎందుకంటే 20 ఏళ్ల లోన్‌లో మొదటి ఏళ్ల వాయిదాలు ఎక్కువగా వడ్డీకే పోతాయి. ఈలోపు బండి విలువ మూడో వంతుకు పైగా పడిపోవడం మామూలే. 1,10,000కి అమ్ముడుపోయిందనుకోండి, లోన్ తీర్చడానికి ఇంకో 16,000 మీరే వేసుకోవాలి. మొదట కట్టిన 36,000, వాయిదాలు, ఈ 16,000, కొన్నప్పుడు టెక్సస్‌కు కట్టే 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ 11,250, అన్నీ కలిపి 60 నెలలకు పంచితే నెలకు 2,250 డాలర్లు. బండిలో ఒక్క గ్యాలన్ పెట్రోలు పోయకముందే ఈ ఖర్చు. అద్దె ఉండదన్నారు కదా, అద్దె ఇదే.

ఆర్‌వీ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని సేల్స్‌మన్ తప్పకుండా చెబుతాడు. అబద్ధం కాదు. పడక, వంటగది, టాయిలెట్ ఉంటే ఆదాయపు పన్ను వాళ్లు దాన్ని ఇల్లుగానే చూస్తారు. కానీ ఏ లెక్కలూ చూపకుండానే దంపతులకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే 30,000 డాలర్లు దాటింది. మీ మొదటి ఏడాది వడ్డీ 11,500 కూడా ఉండదు. ఇతర మినహాయింపులు బోలెడు ఉంటే తప్ప దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

36 అడుగుల మీద కూడా నాకో అభ్యంతరం ఉంది. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో అందరూ చూడాలనుకునే గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద, కొండ ఎక్కే భాగంలో, 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. నేషనల్ పార్కుల పాత క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటిలో పొడవాటి బండ్లకు చోటు ఉండదు. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కలిపే హుక్అప్‌లూ ఉండవు. కాబట్టి పెద్ద బండి కొన్నవాళ్లు వెనకాల ఓ కారు లాక్కెళ్తారు. దానికి టో బార్, కారుకు విడిగా బ్రేకుల ఏర్పాటు, ఇంకొన్ని వేల డాలర్లు. బండి బరువు 26,000 పౌండ్లు దాటితే టెక్సస్‌లో లైసెన్స్ కూడా వేరే తీసుకోవాలి. పిల్లల దగ్గరికి వెళ్తే వాళ్ల హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఇంటి ముందు ఒక్క రాత్రి కూడా ఉంచనివ్వకపోవచ్చు.

నన్నడిగితే ఏడెనిమిదేళ్ల కిందటి క్లాస్ సి (వ్యాన్ ముందుభాగం మీద కట్టిన, కాస్త చిన్న ఆర్‌వీ), 24 నుంచి 28 అడుగుల లోపు, నగదుతో. గ్లేసియర్ కొండ రోడ్డుకు ఇదీ పొడవే గానీ, క్యాంప్‌గ్రౌండ్లలో చోటు సులువు. 55,000 డాలర్లకు మించొద్దు. కొత్తలో విలువ పడిపోయే బాధ మొదటి ఓనరే పడ్డాడు కదా. విడిగా 10,000 రిపేర్లకు పక్కన పెట్టండి. మిగిలిన 45,000 అత్యవసరానికి బ్యాంకులోనే ఉండాలి. 401కే నుంచి ఒకేసారి పెద్ద మొత్తం లాగకండి. మీ వయసుకు పెనాల్టీ లేదు గానీ, తీసినదంతా ఆ ఏడాది ఆదాయంలో కలిసి పన్ను శ్లాబు పెరుగుతుంది.

పాత బండి చూసేటప్పుడు లోపల సోఫాలు, టీవీ చూసి మురిసిపోవద్దు. పైకప్పు అంచుల్లో, స్లైడ్‌అవుట్ (బండి ఆగాక బయటికి జరిపే గది భాగం) మూలల్లో చేత్తో నొక్కి చూడండి. మెత్తగా తగిలితే లోపల నీళ్లు దిగాయని అర్థం, ధర ఎంత తగ్గించినా వద్దనండి. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. ఆర్‌వీలు ఎక్కువ కాలం కదలకుండా నిలబడి ఉంటాయి కాబట్టి టైరు గట్లు అరక్కముందే రబ్బరు ముసలిదైపోతుంది. ఆరేడేళ్లు దాటాయంటే ఆరు టైర్లూ మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తీసేయించుకోండి. కొనే ముందు కొన్ని వందల డాలర్లిచ్చి ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ చేత చూపించండి.

కొనేముందు ఆ వారం అద్దె తప్పనిసరి. వారం కూడా చాలదు, పది రోజులు తీసుకోండి. క్రూజ్ అమెరికా లాంటి కంపెనీలున్నాయి, సొంత బండ్లు అద్దెకిచ్చేవాళ్లు అవుట్‌డోర్సీలో దొరుకుతారు. రోజు అద్దె ఒక్కటే చూడొద్దు, మైలుకింత, జనరేటర్ గంటకింత అని విడిగా వేస్తారా అడగండి. మొదటి రెండు రాత్రులు దూరం పోకండి. సీడర్ హిల్ స్టేట్ పార్క్ మీకు గంట ప్రయాణం, హుక్అప్‌లున్నాయి. ఏదైనా తేడా వస్తే ఇంటికొచ్చి పడుకోవచ్చు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మేమూ ఓసారి తొమ్మిది రోజులు యూటా వెళ్లాం. ఇంట్లో అలవాటు ప్రకారం కుళాయి వదిలి గిన్నెలు కడిగాం. మూడో రోజు పొద్దున స్నానానికి వెళ్తే షవర్ తొట్టిలో అడుగున సాంబారు రంగు నీళ్లు, పైన రెండు కరివేపాకులు తేలుతున్నాయి. వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంక్ నిండితే, అన్నిటికన్నా కిందున్న షవర్‌లోంచి పైకి తంతాయి. ఆ ట్యాంక్ ఖాళీ చేసే డంప్ స్టేషన్ 40 మైళ్ల దూరం. ఆ తర్వాత పళ్లేలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఒక టబ్బులో ముంచి కడగడం నేర్చుకున్నాం. కరెంటూ అంతే. 30 ఆంప్‌ల కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా టీ కెటిల్ పెట్టి, మైక్రోవేవ్ కూడా నొక్కారంటే బ్రేకర్ పడిపోతుంది. ఇడ్లీ పెట్టిన ప్రతిసారీ కిటికీలన్నీ ఆవిరితో తడిసిపోయేవి. ఇవన్నీ సర్దుకోగలిగినవే, మా ఆవిడకు రెండో వారానికి సరదా కూడా పుట్టేదేమో. కానీ మీ ఇద్దరికీ సరిపడుతుందో లేదో 1,80,000 పెట్టి తెలుసుకోవడం దేనికి?

ఇప్పుడు ఇల్లు. ఇది అమ్మడానికి మీకు తొందరేమీ లేదు. సొంతంగా ఉంటున్న ఇల్లు అమ్మితే దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభంపై ఫెడరల్ పన్ను లేదు. మీ లాభం 3,60,000 కాబట్టి పూర్తిగా ఇందులోనే ఇమిడిపోతుంది. షరతు ఏమిటంటే, అమ్మే తేదీకి ముందు అయిదేళ్లలో కనీసం రెండేళ్లు అందులో మీరు ఉండి ఉండాలి. అంటే ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి మీకు మూడేళ్ల గడువుంది. ఆ మూడేళ్లూ అద్దెకిచ్చి తిరగండి. రోడ్డు జీవితం నచ్చితే గడువులోపు అమ్మేయండి. అద్దెకిచ్చిన కాలానికి చూపించాల్సిన డిప్రిసియేషన్ (ఇంటి విలువలో ఏటా రాసే తరుగు) మేరకు కొంత పన్ను పడుతుంది, అంతే. నచ్చకపోతే మీ ఇల్లు మీకుంటుంది. ఇప్పుడే అమ్మేసి, రెండేళ్లకు మోకాళ్లు మొరాయించి వెనక్కొస్తే, అదే వీధిలో అదే ధరకు ఇల్లు దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

అద్దె మీద బతికేయొచ్చని మాత్రం అనుకోకండి. నెలకు 3,000 వచ్చినా ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, లోన్ వాయిదా, మేనేజ్‌మెంట్ కంపెనీ కమీషన్ పోగా చేతికి మూడు నాలుగు వందలు మిగిలితే గొప్ప. ఓ ఏసీ పాడైతే అదీ లేదు. అద్దెకిచ్చాక, సొంతంగా ఉంటున్న ఇంటికి ప్రాపర్టీ ట్యాక్స్‌లో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోయి పన్ను పెరగొచ్చు, ముందే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో కనుక్కోండి. ఇల్లు తన ఖర్చు తను మోసుకుంటే చాలనుకోండి.

నెలకు 2,500 అన్నారు. నా అంచనా చెబుతాను. ఆర్‌వీ పార్కులో ఒక్కో రాత్రికి 40 నుంచి 80 డాలర్లు, నెలవారీగా తీసుకుంటే చాలా తగ్గుతుంది. కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో కలిపి 1,050 వేసుకోండి. తొమ్మిది నెలల్లో 8,000 మైళ్లు తిరిగితే, గ్యాలన్‌కు 9 మైళ్లు చొప్పున పెట్రోలు నెలకు 315. బండి ఇన్సూరెన్స్ 150, రిపేర్లకు 300, ప్రొపేన్, లాండ్రీ, ఇంటర్నెట్ 200, తిండికి 700. మొత్తం 2,700 పైనే, ఇంకా హెల్త్ ఇన్సూరెన్స్ కలపనేలేదు. విజయవాడలో ఉండే మూడు నెలలూ స్టోరేజ్ అద్దె, ఇన్సూరెన్స్ నడుస్తూనే ఉంటాయి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఏడాదిలో ఎక్కువ కాలం అందులోనే ఉంటామని చెప్పి ఫుల్ టైమర్ పాలసీ అడగండి. సెలవులకు తిరిగేవాళ్ల పాలసీ తీసుకుంటే, మీ బండి పక్కన ఎవరైనా జారిపడి కేసు వేసినప్పుడు చిక్కొస్తుంది.

తగ్గించుకునే దారులూ ఉన్నాయి. 62 దాటిన సిటిజన్లకు నేషనల్ పార్కుల సీనియర్ పాస్ 80 డాలర్లకు జీవితాంతం వస్తుంది, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధరకే ఉండొచ్చు. ఇవాళే తీసుకోండి. అరిజోనాలోని క్వార్ట్‌జైట్ దగ్గర ప్రభుత్వ ఎడారి భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మొత్తానికి 180 డాలర్లే. కానీ ఆ చలికాలమంతా మీరు బెజవాడలో ఉంటారు!

చివరిగా మీ ఉత్తరంలో అసలు కనిపించని విషయం, హెల్త్ ఇన్సూరెన్స్. టెక్సస్‌లో సొంతంగా కొనుక్కునే ప్లాన్లు దాదాపు అన్నీ హెచ్‌ఎంఓ, ఈపీఓ రకాలే, అంటే వాళ్ల జాబితాలోని డాక్టర్ల దగ్గరే చెల్లుతాయి. ఎమర్జెన్సీ అయితే ఎక్కడైనా చూస్తారు గానీ, ఒరెగాన్‌లో ఉన్నప్పుడు మామూలు డాక్టరు దగ్గరికి వెళ్తే బిల్లు మీదే. మీ కంపెనీ ప్లాన్ దేశమంతా పనిచేసే పీపీఓ (జాబితా బయటి డాక్టర్లకూ కొంత చెల్లించే రకం) అయితే, ఉద్యోగం మానాక కూడా అదే ప్లాన్‌ను సొంత డబ్బుతో ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద 18 నెలలు కొనసాగించండి. పూర్తి ప్రీమియం మీద ఇంకో 2 శాతం కట్టాలి, ఖరీదే. కానీ ఊరూరా తిరిగేవాళ్లకు అదే మేలు.

ఇక్కడ తేదీ చూడండి. మార్చి 31న మానేస్తే కోబ్రా వచ్చే ఏడాది సెప్టెంబరుతో అయిపోతుంది. మీకు 65 నిండి మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) మొదలయ్యేది నవంబరు 1న. మధ్యలో అక్టోబరు గాల్లో ఉంటుంది. ఒక్క నెల ఆగి ఏప్రిల్ 30న మానేస్తే అతికినట్టు సరిపోతుంది. మీ శ్రీమతి గారికి మాత్రం ఆ తర్వాత 65 వచ్చేదాకా మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్) ప్లాన్ కొనాలి, ఆ నెలవారీ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి. హెచ్‌ఆర్ వాళ్లను రెండే అడగండి: ప్లాన్ పీపీఓనా, ఇద్దరికీ కలిపి కోబ్రా ప్రీమియం ఎంత? ఆ రెండూ తెలిశాక మళ్లీ రాయండి, 401కే నుంచి ఏటా ఎంత తీయాలో అప్పుడు లెక్క వేద్దాం.