కరగకుండానే రాయి ఎలా మారుతుంది? స్లేట్, షిస్ట్, నైస్‌లను గుర్తుపట్టేదెలా?

రూపాంతర శిల (వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారిన రాయి) కరగకుండా ఎలా మారుతుందని, వాటి రకాలను ఎలా విడదీయాలని అడిగారు. జియాలజీ చదివే రోజుల్లో నన్నూ ఎక్కువగా వేధించింది ఆ మొదటి ప్రశ్నే. జవాబు మైక్రోస్కోపు కింద దొరికింది.

గార్నెట్ అనే ఖనిజం ఉన్న షిస్ట్ (అభ్రకం రేకులు నిండిన రూపాంతర శిల) ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకకు అంటించి చూస్తాం. మైక్రోస్కోపులోని పోలరైజర్లు (ఒకే దిక్కులో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే వడపోతలు) రెండూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టగానే చుట్టూ ఉన్న అభ్రకం రంగురంగులుగా మెరుస్తుంది, గార్నెట్ నల్లబడిపోతుంది. నేను చూసిన గార్నెట్‌లో ఆ నలుపు మధ్య సన్నటి క్వార్ట్జ్ రేణువుల వరుస ఎస్ అక్షరంలా మెలిక తిరిగి ఉంది. చుట్టూ రాయి ఒరుసుకుంటూ జరుగుతుంటే, గార్నెట్ మెల్లగా తిరుగుతూ పెరిగి, దారిలో ఉన్న రేణువులను తనలో కలిపేసుకుంది. రాయి కరిగి ఉంటే ఆ వరుస మిగిలేదే కాదు.

ఖండాల కింద లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది, పైనున్న రాళ్ల బరువూ పెరుగుతుంది. దాదాపు 200 డిగ్రీలు దాటాక బంకమట్టి ఖనిజాలు నిలవలేవు. వాటిలోని పరమాణువులు ఘనస్థితిలోనే సర్దుకుని క్లోరైట్ అనే ఖనిజం, అభ్రకం అవుతాయి, ఇంకా వేడెక్కితే గార్నెట్ పుడుతుంది. రేణువుల సందుల్లో ఉన్న కాస్త నీరు ఈ పనిని బాగా వేగిరపరుస్తుంది. అయినా లక్షల ఏళ్లు పడుతుంది.

ఇక వర్గీకరణ. చేతిలోకి రాయి తీసుకోగానే రేకులు, చారలు ఉన్నాయేమో చూడండి. ఒత్తిడి ఒక దిక్కు నుంచి ఎక్కువగా పడితే అభ్రకం రేకులు దానికి అడ్డంగా పరుచుకుంటాయి. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన షేల్ ముందు స్లేట్ అవుతుంది, అందులో రేణువులు కంటికి ఆనవు. తర్వాత పట్టులా మెరిసే ఫిల్లైట్, ఆపైన అభ్రకం రేకులు స్పష్టంగా కనిపించే షిస్ట్, చివరికి తెలుపు నలుపు చారల నైస్. నైస్ గ్రానైట్ నుంచి కూడా రావచ్చు. స్లేట్ చీలే తలం మొదట మట్టి పేరుకున్న పొర కానక్కర్లేదు. చీలిన ముఖం మీద ఏటవాలుగా పోయే లేత రంగు గీతలుంటే చూడండి, చాలాసార్లు అసలు పొరలు అవే.

రేకులు లేకపోతే మూలశిల ఏమిటో వెతకాలి. సున్నపురాయి పాలరాయిగా, ఇసుకరాయి క్వార్ట్జైట్‌గా మారతాయి. పాలరాయి మీద చాకుతో గీత పడుతుంది, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుంది. క్వార్ట్జైట్ ఆ రెంటికీ లొంగదు. మాగ్మా (భూమి లోపల కరిగిన రాయి) పక్కన కాలి గట్టిపడింది హార్న్‌ఫెల్స్.

ఎంత వేడికి గురైందో ఖనిజాలే చెబుతాయి. 1893లో భూవిజ్ఞాని జార్జ్ బారో స్కాట్లాండ్ హైలాండ్స్‌లో ఖనిజాలను బట్టి మండలాలు గుర్తించాడు. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఆండలుసైట్, కయనైట్, సిల్లిమనైట్ అనే ఖనిజాల సంగతి. మూడింటి రసాయన కూర్పూ ఒక్కటే. తక్కువ ఒత్తిడిలో మొదటిది, ఎక్కువ ఒత్తిడిలో రెండోది, ఎక్కువ వేడిలో మూడోది నిలుస్తాయి. అందుకే పేరు రాసేటప్పుడు ఒట్టి షిస్ట్ అని వదిలేయకండి, కనిపించిన ఖనిజాన్ని ముందు చేర్చి కయనైట్ షిస్ట్ అనో గార్నెట్ షిస్ట్ అనో రాయండి.