సెషన్ డేటా ఎక్కడ దాచాలని కాదు, అందులో ఏం పెట్టకూడదని అడగండి

లాగిన్ అయిన మనిషిని గుర్తుపెట్టుకోడానికి వెబ్‌సైట్ రాసుకునే చీటీనే సెషన్. ఆ సెషన్ డేటా సర్వర్ ఫైళ్లలో ఉంచాలా, మెమరీలో నడిచే రెడిస్ అనే డేటాబేస్‌లోనా, లేక జేడబ్ల్యూటీ (సర్వర్ సంతకం చేసి బ్రౌజర్‌కే ఇచ్చేసే టోకెన్) వాడి సర్వర్‌లో ఏమీ ఉంచకుండా నడపాలా అని అడిగారు. మూడూ పనిచేస్తాయి. నా గొడవ వేరే. లాగిన్ అయిన మనిషి ఎవరన్నది తప్ప సెషన్‌లో ఇంకేమీ ఉండకూడదు. ఆ మనిషి కూర్చుని టైప్ చేసింది ఒక్క అక్షరం అయినా సరే, డేటాబేస్‌లోకి పోవాలి.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మా మామకు నెట్ సెంటర్ ఉంది. సెలవులకు ఊరికొస్తే నా కాలక్షేపం అక్కడే. ఒకసారి ఏదో కాలేజీ అడ్మిషన్‌కు దరఖాస్తు ఆఖరి రోజు. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఫారం ఒకటే పేజీ, చాంతాడంత ఉంది. ఆదాయం సర్టిఫికెట్ నంబరు కోసం ఆయన సంచంతా వెతికి, దొరక్క, ఇంటికి ఫోన్ చేసి కొడుకుతో చదివించాడు. ఫోటో సైజు ఎక్కువైందంటే మామ తగ్గించి ఇచ్చాడు. అన్నీ అయ్యాక ఆ పాప సబ్మిట్ కొడితే 'సెషన్ ఎక్స్‌పైర్డ్'. మళ్లీ లాగిన్ అయితే ఫారం ఖాళీ.

"ఇంతసేపు కొట్టిందంతా యాడికి పాయప్పా?" అన్నాడాయన నాతో, ఆ సైట్ నేనే కట్టినట్టు. రెండోసారి ఆయన చదువుతుంటే నేను టైప్ చేశా, అయిపోయింది.

తర్వాత బ్రౌజర్‌లో కుకీ (సెషన్‌ను గుర్తుపట్టడానికి సైట్ బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తు) చూశా. సైట్లు కట్టే భాష పీహెచ్‌పీ మామూలుగా పెట్టే డిఫాల్ట్ పేరే ఉంది. పేరే మార్చనివాళ్లు గడువు మారుస్తారా? డిఫాల్ట్ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. పాప టైప్ చేస్తున్నంతసేపూ సర్వర్‌కు ఒక్క రిక్వెస్టూ పోలేదు. దాని లెక్కలో అక్కడ ఎవరూ లేరు. ఇంకో తమాషా ఏంటంటే, గడువు తీరిన సెషన్లను ఊడ్చే పని డిఫాల్ట్‌గా రిక్వెస్టులు వచ్చినప్పుడే, సుమారు నూటికి ఒకసారి జరుగుతుంది. జనం లేని రోజు గంట కూర్చున్నా ఏమీ కాకపోవచ్చు. ఆఖరి రోజు జనం ఎగబడ్డప్పుడు మాత్రం 24 నిమిషాలు దాటగానే ఊడ్చేస్తుంది. అందుకే డెవలపర్‌ను అడిగితే "మా దగ్గర బాగానే ఉందే" అంటాడు. డెబియన్, ఉబుంటు లినక్స్ సర్వర్లలో ఈ ఊడ్పు వేరుగా అరగంటకోసారి నడుస్తుంది, అది వేరే సంగతి.

గడువు పెంచితే పోలా అంటారు. పోదు. నెట్ సెంటర్లో ఒకరు లేవగానే అదే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. 'లాగౌట్ చేసి లేవండి' అని మామ ప్రతి మానిటర్ మీదా కాగితం అంటించాడు, చదివేవాళ్లు లేరు. సైట్ల వాళ్లేమో ఆ బటన్‌ను మూడు గీతల మెనూ వెనక దాస్తారు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. కాబట్టి గడువు తక్కువే ఉండనివ్వండి, ఫారం మాత్రం గడి నింపినప్పుడల్లా డ్రాఫ్ట్‌గా సేవ్ చేయండి. సేవ్ అయిన ప్రతిసారీ సెషన్‌కూ ఊపిరి పోసినట్టవుతుంది.

జేడబ్ల్యూటీ మీద మోజు నాకు అసలు ఎక్కదు. లాగౌట్ కొట్టినా ఆ టోకెన్ గడువు దాకా చెల్లుతూనే ఉంటుంది. రద్దు చేయాలంటే సర్వర్‌లో జాబితా పెట్టుకోవాలి, అంటే తిరిగి తిరిగి సెషన్ దగ్గరికే వచ్చారు. పైగా చాలామంది దాన్ని బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో పెడతారు, పేజీలో దూరిన ఏ స్క్రిప్ట్ అయినా చదివేయొచ్చు. 'హెచ్‌టీటీపీ ఓన్లీ' అని గుర్తు పెట్టిన కుకీ అయితే స్క్రిప్ట్‌కు కనబడదు.

రెడిస్ సంగతి: సర్వర్ ఒక్కటే అయితే ఫైళ్లు చాలు. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు పెట్టారా, ఒకదాని డిస్క్‌లోని ఫైలు రెండోదానికి తెలియదు, అప్పుడు రెడిస్ పెట్టండి. లాగిన్ అవగానే సెషన్ ఐడీ (కుకీలో ఉండే సెషన్ గుర్తు) మార్చడం మాత్రం ఎక్కడ దాచినా తప్పదు.

ఇవన్నీ తర్వాత. ముందు మీ ఫారం తెరిచి సగం నింపి, భోజనానికి వెళ్లొచ్చి సబ్మిట్ కొట్టి చూడండి.