కూనకు పాలు పోయొచ్చా అని అడిగారు.. ముందు బాబు చేతి సంగతి చూడండి!

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా చెల్లెలి ఇంటి మిద్దె మీద ఒక వీధి పిల్లి పిల్లల్ని పెట్టింది. వాటికిప్పుడు నెల రోజులు. అందులో ఒక కూనను వచ్చే ఆదివారం ఇంటికి తెచ్చుకుందామనుకుంటున్నాం. ఇంతకుముందు మేమెప్పుడూ పిల్లిని పెంచలేదు. శాకాహారులం. పాలు, పెరుగన్నం పెడితే సరిపోతుందా? ఇల్లంతా పాడు చేయకుండా ఒకే చోటికి వెళ్లేలా ఎలా అలవాటు చేయాలి? కరవకుండా, సోఫాలు గీరకుండా శిక్షణ ఇవ్వడం కుదురుతుందా? మొన్న చూడటానికి వెళ్లినప్పుడు తల్లి పిల్లి మా ఏడేళ్ల బాబు చెయ్యి గీరింది. కొంచెం రక్తం వచ్చింది కానీ పసుపు పెడితే తగ్గిపోయింది. కూనను ముట్టుకుంటే ఒళ్లు వేడిగా ఉంది. జ్వరమైతే పసిపిల్లలకు వేసే పారాసెటమాల్ డ్రాప్స్ రెండు చుక్కలు వేయొచ్చని తెలిసినవాళ్లు చెప్పారు. వేయొచ్చా?
- ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు అడిగినవన్నీ కూన గురించే. నాకు మాత్రం బాబు చెయ్యి దగ్గరే చూపు ఆగిపోయింది. 'రక్తం వచ్చింది, పసుపు పెట్టాం, తగ్గిపోయింది' అని ఒక్క మాటలో దాటేశారు. గాయం మానడం వేరు, రేబిస్ భయం తీరడం వేరు. గీరింది వీధి పిల్లి. దానికి టీకా వేయించినవాళ్లు ఎవరూ ఉండరు. రేబిస్ కుక్కలకే వస్తుందనుకుంటారు చాలామంది. పిల్లులకూ వస్తుంది, వాటి నుంచి మనుషులకూ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి ఇది చదివిన రోజే బాబును రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రుయా దూరమైతే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికైనా వెళ్లండి. టీకా ఉచితమే.

నేను పశువైద్యుణ్ని. మనుషులకు ఏ ఇంజెక్షన్ వేయాలో చెప్పడం నా పని కాదు, అది గాయం చూసిన డాక్టరే నిర్ణయించాలి. మీకు అవగాహన కోసం మాత్రం చెబుతున్నాను. రక్తం వచ్చేలా గీరితే దాన్ని మూడో కేటగిరీ (అన్నిటికన్నా తీవ్రమైన) గాయంగా లెక్కిస్తారు. అంటే టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాల్సి రావచ్చు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే టీకా మొదలెట్టిన రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో డోసులుంటాయి. రెండు డోసులయ్యాక 'బాగానే ఉన్నాడు కదా' అని మానేసేవాళ్లున్నారు. మీరు అలా చేయకండి. గీరి ఇన్ని రోజులైంది, ఇప్పుడెళ్లి లాభమేంటి అని కూడా అనుకోవద్దు. ఆలస్యమైనా వెళ్లాల్సిందే.

పిల్లల తల్లి, పైగా కొత్త మనుషులు దగ్గరికొచ్చారు, గీరడం సహజమే. దాన్నిబట్టి ఆ పిల్లికి జబ్బుందని నేననను. మీ చెల్లెల్ని అడిగి, గీరిన రోజు నుంచి పది రోజుల పాటు అది తింటోందా, మామూలుగా తిరుగుతోందా అని గమనించమనండి. ఆ వివరం ఆసుపత్రిలో డాక్టరుకు ఉపయోగపడుతుంది. అయితే పది రోజులు చూసి అప్పుడు టీకా మొదలెడదాం అనుకోవడం పొరపాటు. టీకా మొదలెట్టి పిల్లిని గమనించాలి.

ఇకముందు ఏ జంతువు గీరినా, కరిచినా చేయాల్సిన మొదటి పని కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసుకుని కడగండి, పదిహేను నిమిషాలంటే మనం అనుకున్నదానికన్నా ఎక్కువసేపు. పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ వద్దు.

ఇక ఆ రెండు చుక్కలు. దయచేసి వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే చదవడం ఆపి, కూనను వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పారాసెటమాల్ పిల్లులకు విషం. మన కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయంలో అందుకు కావాల్సిన ఎంజైము సరిగా పనిచేయదు. లెక్క చూడండి. పసిపిల్లల డ్రాప్స్‌లో మామూలుగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండు చుక్కలంటే దాదాపు 10 మిల్లీగ్రాములు. పిల్లుల్లో కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల దగ్గరే విషప్రభావం కనిపించిన సందర్భాలున్నాయి. నెల రోజుల కూన తూగేది 400 గ్రాములు. అంటే దానికి 4 మిల్లీగ్రాములే ప్రమాదం. మీవాళ్లు చెప్పింది దానికి రెట్టింపు పైమాటే.

ఆ మందు పడ్డ కూన ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఒకసారి ఊహించుకుంటే మళ్లీ ఆ సీసా జోలికి వెళ్లరు. ముఖం, పాదాలు ఉబ్బుతాయి. చిగుళ్లు గులాబీ రంగు పోయి మట్టిరంగుకు తిరుగుతాయి. రక్తం తీస్తే కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. రక్తం ఉంటుంది కానీ అది ఆక్సిజన్‌ను మోయలేదు. ఇలాంటి కూనలు ఒళ్లు చల్లబడి, రొప్పుతూ మా దగ్గరికి వస్తాయి. తొలి గంటల్లో తెస్తే విరుగుడు మందుంది, అయినా అన్నీ బతుకుతాయని హామీ ఇవ్వలేను. ఇలా తెచ్చినవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట 'కొంచెమే వేశాం డాక్టర్‌గారూ' అని. కొంచెమే కావచ్చు, కూన కూడా కొంచెమే కదమ్మా!

అసలు జ్వరమే లేకపోవచ్చు. పిల్లి ఒంటి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. మన చేతికి అది వెచ్చగానే తగులుతుంది. పైగా ఎండాకాలం మిద్దె మీద ఉన్న కూన! జ్వరమో కాదో చెయ్యి చెప్పదు, థర్మామీటరు చెబుతుంది, అది పెట్టడం కూడా డాక్టరు దగ్గరే మంచిది. మీరు చూడాల్సింది వేడి కాదు, హుషారు. తల్లి పాలు తాగకుండా విడిగా ముడుచుకుని పడుకుంటే, విరేచనాలవుతుంటే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే రేపటిదాకా ఆగొద్దు. అంత చిన్న ఒంట్లో చక్కెర, నీరు గంటల్లో పడిపోతాయి. మనలో చాలామందికి రెండు అలవాట్లూ ఉన్నాయి. ఇంట్లో మందుల డబ్బాలో ఉన్నదేదో వేసేస్తాం, వెళ్లాల్సిన చోటికి మాత్రం రెండు రోజులు ఆగి వెళ్తాం. కుక్క కోసం కొన్న పేల మందు మిగిలిందని పిల్లి మెడ మీద వేసేవాళ్లదీ ఇదే కథ. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు.

వచ్చే ఆదివారం కూనను తేవద్దు. ఎనిమిది వారాలు నిండేదాకా, అంటే ఇంకో నెల, తల్లి దగ్గరే ఉండనివ్వండి. తల్లిపాలు, కరిస్తే ఎంత నొప్పి పుడుతుందో తోబుట్టువుల దగ్గర తెలుసుకోవడం, మట్టిలో గోకి కప్పెట్టడం అన్నీ ఈ నెలలోనే. మీరు అడిగిన శిక్షణలో సగం తల్లే ఇస్తుంది. ఈలోపు తల్లి పిల్లల్ని పక్క మిద్దెకు మార్చినా కంగారుపడకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. 'తల్లి వదిలేసింది' అని మా దగ్గరికి తెచ్చే కూనల్లో కొన్నింటిని అది వదల్లేదు, వెతుక్కుంటూ ఉంటుంది. తల్లి గంటల తరబడి అసలు తిరిగి రాకపోతే మాత్రం వెంటనే డాక్టరును కలవండి. అంత చిన్న కూనలకు పిల్లికూనల పాలపొడి పట్టాలి.

తిండి దగ్గర మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట చెప్పాలి. పాలు, పెరుగన్నంతో పిల్లి బతకదు. ఆవుపాలు చాలా కూనలకు అరగవు, నీళ్ల విరేచనాలవుతాయి. పెరుగన్నం కడుపు నింపుతుంది, అంతే. పిల్లికి మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది అందకపోతే కొన్ని నెలల్లో కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. 'మా అమ్మమ్మ ఇంట్లో పిల్లి పెరుగన్నం తినే బతికింది' అంటారు. నిజమే, రాత్రిపూట ఎలుకలూ బల్లులూ ఎవరు తిన్నారు మరి? ఫ్లాట్‌లో పెంచే కూనకు ఆ అవకాశం ఉండదు. ఇంట్లో మాంసం వండటం కుదరకపోతే 'కిట్టెన్' అని రాసి ఉన్న ప్యాకెట్ ఆహారం పెట్టండి, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా. అది కూడా మాంసంతో చేసిందే, ముందే ఆలోచించుకోండి. ఆ ప్యాకెట్టూ ఇంట్లోకి రాకూడదనుకుంటే కుందేలును పెంచుకోవచ్చు, తప్పేం లేదు. పిల్లిని శాకాహారిని చేసే ప్రయత్నం మాత్రం వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన సాంబారన్నం అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఈ నెలలో ఇల్లు సర్దుకోండి. మన ఇళ్లలో నాకు ఎక్కువ భయం పూలు కట్టే దారం. మల్లెపూలు కట్టి మిగిలిన దారం ఉండ కింద పడేస్తాం. కూనకు అంతకన్నా మంచి ఆటవస్తువు లేదు. పిల్లి నాలుక మీద లోపలివైపుకు తిరిగిన చిన్న ముళ్లుంటాయి, నోట్లో పడ్డ దారం బయటికి రాదు, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండో కొస పేగుల్లో దిగితే, పేగు కుచ్చిళ్లు పడి కోసుకుపోతుంది. ఆపరేషన్ తప్ప దారి ఉండదు. నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు, కత్తిరించొద్దు, అలాగే తీసుకురండి. సూది గుచ్చి ఉన్న దారం సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత ఫినాయిల్. ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, ఫినాలు జాతి రసాయనాలు పిల్లికి పడవు. బీరువాలో కలరా ఉండలు కూడా అంతే. బాల్కనీకి వల కట్టించండి. వాషింగ్ మెషీన్ మూత వేసే ముందు లోపల ఒకసారి చూడండి.

టీకాల లెక్క డాక్టరు కూన వయసు, బరువు చూసి రాస్తారు. స్థూలంగా అయితే నులిపురుగుల మందు ముందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పాన్‌ల్యూకోపీనియా (కూనలకు ప్రాణాంతకమైన వైరస్ జబ్బు), జలుబు వైరస్‌లకు కలిపి వేసే టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు నాలుగు నెలల వయసుదాకా, మూడు నెలలకు రేబిస్ టీకా. పాన్‌ల్యూకోపీనియా తేలిగ్గా తీసుకునేది కాదు, ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది. ఏటా జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. దాని కోసం నెలలు ఆగకండి. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉండగా మనకు డాక్టరు దొరకలేదనే సాకు కూడా లేదు. తెచ్చిన రెండు రోజుల్లోపు ఒకసారి చూపించండి, కొంచెం మలం శుభ్రమైన డబ్బాలో వేసుకుని రండి. అయిదారు నెలలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం. ఆడదైతే నాలుగు నెలలకే ఎదకు రావచ్చు, మగదైతే గోడలకు మూత్రం చిమ్మడం మొదలెడుతుంది.

మిగిలింది మీరు అసలు అడిగిన శిక్షణ. మొదటి వారం ఒక్క గదిలోనే ఉంచండి. అంచు తక్కువగా ఉన్న ట్రేలో శుభ్రమైన ఇసుక గానీ, నీళ్లు తగిలితే ఉండకట్టని లిట్టర్ (పిల్లుల ట్రే కోసం అమ్మే పొడి) గానీ వేయండి. ఉండకట్టేవి కూన తింటే ఇబ్బంది. తిన్నాక, నిద్ర లేచాక తీసుకెళ్లి అందులో దించండి, నాలుగు రోజుల్లో దానికే తెలుస్తుంది. ట్రే తిండిగిన్నెకు దూరంగా ఉండాలి, రోజూ శుభ్రం చేయాలి. ఇంట్లో గర్భిణులుంటే ఆ పని వేరేవాళ్లు చేయడం మంచిది. బయట పోసిందని ముక్కు రాసి కొట్టే పద్ధతి వద్దు, ట్రే మానేసి మంచం కింద పోయడం నేర్చుకుంటుంది. అలవాటు ఉన్న పిల్లి ఉన్నట్టుండి ట్రే మానేస్తే, లేదా అందులో కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే అది మొండితనం కాదు, జబ్బు. మూత్రం రాని మగపిల్లి విషయంలో గంటలే లెక్క.

కరవకుండా ఉండాలంటే చేతి వేళ్లతో ఆడించకండి, బాబుకూ అదే చెప్పండి. సోఫా పక్కనే ఒక కర్రకు గోనెపట్టా గానీ కొబ్బరితాడు గానీ బిగించి నిలబెట్టండి, గోళ్లు అక్కడ గీసుకుంటుంది. సోఫా మీద కూడా ఒకటి రెండు గీతలు పడతాయి. ఖరీదైన సోఫా అయితే పైన పాత దుప్పటి కప్పండి.