మగపిల్లి తలుపు దగ్గర, మంచం మీద ఉచ్చ పోస్తోంది, నాలుగింటికే లేపుతోంది: మా ఇంటి అనుభవం

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వైజాగ్ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు, రెండేళ్ల మగపిల్లి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు, మీరు ఊరెళ్లి వచ్చినప్పటి నుంచి బాల్కనీ తలుపు దగ్గర రోజూ, మధ్యమధ్యలో మంచం మీద కూడా పోస్తోంది, సోఫా చీరేస్తోంది, నడుస్తుంటే కాళ్లు పట్టేస్తోంది, తెల్లవారుజామున నాలుగింటికి అరిచి లేపుతోంది. వదిలేసి వెళ్లామని కక్ష కట్టిందంటున్నారు మీ అత్తగారు.

కక్షేం లేదండీ. పెద్దవాల్తేరులో మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి, ఈ వేషాలన్నీ చూసేశాం. కక్ష అని ఒకసారి అనుకున్నామంటే ఇక కొట్టడం, తిట్టడం తప్ప ఇంకేం తోచదు, దాంతో అది ఇంకా బెదిరిపోయి ఇంకో మూలన పోస్తుంది. ఎక్కడ పోస్తోంది, ఎలా నిలబడి పోస్తోంది అన్నది చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

అంతకంటే ముందు ఒక్క మాట. మగపిల్లి మాటిమాటికీ దాని ట్రేలోకి (ఒంటికి వెళ్లడానికి లిట్టర్, అంటే తడి పీల్చే మట్టి లాంటిది, పోసి పెట్టే పళ్లెంలోకి) వెళ్లి ముక్కుతూ కూర్చుని చుక్క కూడా రాకుండా లేచొచ్చేస్తుంటే, అరుస్తూ అక్కడే నాక్కుంటుంటే, ఇది చదవడం ఆపేసి వెట్ (పశువుల డాక్టరు) దగ్గరకి పరుగెత్తండి. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం, అందులో జిగురు ముద్దో చిన్న రాయో అడ్డంపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకొస్తుంది. మనవాళ్లేమో మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తూ కూర్చుంటారు, ఇంకొందరు నొప్పికి పారాసెటమాల్ ముక్క వేస్తారు. పారాసెటమాల్ పిల్లికి విషం, చిన్న ముక్కయినా సరే. మీవాడు మంచం మీద పోస్తున్నాడన్నారు కాబట్టి కూడా ఒకసారి మూత్రం టెస్ట్ చేయించమంటాను. మూత్రాశయం వాచి మంటగా ఉంటే ఆ నొప్పిని ట్రేకే ముడిపెట్టుకుని పరుపు, దుప్పటి లాంటి మెత్తటి చోటు వెతుక్కుంటాయి కొన్ని.

ఇక బాల్కనీ తలుపు. అక్కడ కూర్చుని నేల మీద పోస్తోందా, నిలబడి తలుపుకి చిమ్ముతోందా? మా మగపిల్లి తెల్లోడు చేసేది చెప్తాను. వెనక్కి తిరిగి, తోక నిలువుగా లేపి, ఆ చివర సన్నగా వణికిస్తూ, వెనక కాళ్లతో అక్కడే తొక్కుతూ తలుపుకి సరిగ్గా జానెడు ఎత్తున చిమ్మేవాడు. మొహం చూస్తే ఏమీ ఎరగనట్టు ఉండేది! అది ఒంటికి వెళ్లడం కాదు, ఇది నా ఇల్లు అని బోర్డు పెట్టడం. ఎవరి కోసం పెడుతున్నాడో మాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. రాత్రిపూట లేచి చూస్తే పక్కింటి సన్‌షేడ్ మీద ఒక నల్ల గండుపిల్లి తీరిగ్గా కూర్చుని మా బాల్కనీలోకే చూస్తోంది. మీరు ఊళ్లో లేనప్పుడు మీ బాల్కనీలో కూడా ఎవరో ఒకరు తిరిగి ఉంటారనే నా అనుమానం. తలుపు అద్దానికి కింద రెండడుగులు బయట కనబడకుండా కాగితం అంటించాం, బాల్కనీకి నెట్ కొట్టించాం, తెల్లోడికి ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ తర్వాత పది మగపిల్లుల్లో దాదాపు తొమ్మిది ఈ చిమ్మడం మానేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. మర్నాటికే తగ్గాలని చూడకండి, హార్మోన్లు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఐదారు నెలల వయసులోనే చేయించేస్తే అసలీ అలవాటు పడకపోవడానికే అవకాశం ఎక్కువ.

కడిగేటప్పుడు ఫినాయిల్ వాడకండి. మన ఇళ్లలో ముందు చెయ్యి పోయేది దాని మీదకే, తెలుసు. ఫినాయిల్లో ఉండే ఫినాల్ రకాలని పిల్లి కాలేయం అరిగించుకోలేదు, పాదాలకి అంటింది నాకితే కడుపులోకి పోతుంది. బట్టల్లో వేసే కలరా ఉండలూ అంతే ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనర్ అయితే మూత్రం వాసనలాగే ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తుంది. పెట్ షాపుల్లో మూత్రం వాసనని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, అది పోసి కాసేపు నాననిచ్చి తుడవండి. మన ముక్కుకి పోయిన వాసన దాని ముక్కుకి పోదు.

ట్రే సంగతి కూడా చూసుకోండి. పిల్లులెన్నో అంతకి ఒకటి ఎక్కువ ఉండాలి, తిండి గిన్నెకి దూరంగా, గుడగుడలాడే వాషింగ్ మెషీన్ పక్కన కాకుండా. సెంటు వాసన లిట్టర్ మనకి బాగుంటుంది, దానికి కాదు. బీచ్ ఇసుక ఊరికే వస్తుంది కదా అని బస్తాలకొద్దీ తెచ్చుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారు, అది గడ్డకట్టదు, అంతా అడుక్కి దిగి మన వైజాగ్ ఉక్కపోతకి రెండో రోజుకే గుప్పుమంటుంది, పిల్లి పక్కకి పోయిందంటే పోదూ మరి. గడ్డకట్టే మట్టి లిట్టర్ కొని రోజూ ఎత్తెయ్యండి.

సోఫా గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. గోళ్ల పై పొర వదిలించుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పాదాల్లో ఉండే వాసన పూయడానికి గీకడం దానికి తప్పనిసరి, మాన్పించలేం, చోటు మార్చగలం. మా ఆయన ఒక చెక్కకి కొబ్బరి తాడు దగ్గరగా చుట్టి సోఫాకి ఆనించి బిగించారు. అది కదలకూడదు, పిల్లి పూర్తిగా సాగినా అందనంత ఎత్తుండాలి, ఇంకా ముఖ్యం, ఇప్పుడు గీకే చోటి పక్కనే ఉండాలి. ఏ మూలనో బాల్కనీలో పెడితే దాని మొహం కూడా చూడదు.

కాళ్లు పట్టడం ఆటే. చిన్నప్పుడు చేతులతో ఆడించి ఉంటారు, ఇప్పుడు చేతులూ కాళ్లూ ఎలకలే దానికి. కర్రకి తాడు కట్టిన బొమ్మతో ఆడించండి, కరిస్తే చెయ్యి లాక్కోకుండా ఆగిపోయి, వదలగానే లేచి వెళ్లిపోండి. నిమురుతున్నప్పుడు తోక కొట్టుకోవడం, చెవులు వెనక్కి పోవడం, వీపు మీద చర్మం జలదరించడం కనిపిస్తే ఇక చాలు అని అర్థం, అక్కడితో వదిలెయ్యాలి.

నాలుగింటి గోలకి మందు రాత్రే ఉంది. పిల్లులు సహజంగా సంధ్యవేళల్లో, తెల్లవారుజామున చురుగ్గా ఉంటాయి. పడుకునే ముందు పావుగంట రొప్పేలా ఆడించి, ఆ వెంటనే రోజులో పెద్ద భోజనం పెట్టండి, తిని, ఒళ్లు నాక్కుని పడుకుంటుంది. అరిస్తే లేవకూడదు, తిట్టడానికి కూడా లేవకూడదు, లేచారంటే అరుపు పనిచేసిందని దానికి అర్థమైపోతుంది. మొదటి వారం ఇంకా ఎక్కువ అరుస్తుంది, అది తెలిసే మొదలుపెట్టండి. మీ అత్తగారు జాలిపడి ఒక్కరోజు లేచి పాలు పోసినా మళ్లీ మొదటికే, పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆవిడకి ముందే చెప్పి ఒప్పించండి, పిల్లి కంటే ఆ పనే కష్టం.

నేవీ విన్యాసాలకి ఆర్కే బీచ్ మీద విమానాలు తిరిగే రోజుల్లో, దీపావళికి ఏం చేసినా లెక్కలోకి తీసుకోకండి, ఆ నాలుగు రోజులు మంచం కిందే ఉండనివ్వండి. వెట్ దగ్గరకి వెళ్లేటప్పుడు అది పోసే తీరు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి, అక్కడ టేబుల్ మీద పెడితే బిగుసుకుని కూర్చుంటుంది తప్ప ఏమీ చూపించదు.