పోలండ్ వైన్ పండక్కి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా? – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేడం, నేను పోలండ్‌లో వ్రోత్స్వావ్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. సెప్టెంబర్‌లో అమ్మానాన్న వరంగల్ నుంచి వస్తున్నారు. అదే టైమ్‌కి జెలోనా గూరా అనే ఊళ్లో పెద్ద వైన్ పండగట, ఫ్రెండ్స్ అంతా వెళ్దామంటున్నారు. నాన్న మందు ముట్టరు, అమ్మ ప్యూర్ వెజ్. తీసుకెళ్తే ఇబ్బంది పడతారేమో అని భయం.

జవాబు: తీసుకెళ్లమ్మా, అనుమానమే వద్దు. పేరుకి వైన్ పండగే గానీ అది ఊరు ఊరంతా చేసుకునే జాతర, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చేవాళ్లు, చేతికర్ర పట్టుకుని వచ్చే పెద్దవాళ్లు, అందరూ ఉంటారు. వినొబ్రానియె అంటారు, ద్రాక్ష కోతల పండగ. 1852లో మొదలైంది, అప్పుడా ఊరు జర్మన్లది, పేరు గ్రూన్‌బెర్గ్. 1945లో యుద్ధం అయ్యాక ఊరు పోలండ్‌కి వచ్చింది, జర్మన్లు వెళ్లిపోవాల్సి వచ్చింది, తూర్పున సొంతూళ్లు పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు వచ్చి ఆ ఇళ్లలో ఉన్నాయి. వాళ్లలో చాలామందికి ద్రాక్ష సాగు కొత్త. అయినా పండగని తమదే చేసుకున్నారు చూడండి, నాకు దాని మీద అంత ఇష్టం అందుకే.

పండగ మొదట్లో మేయర్ ఊరి తాళాలు బాకస్, అంటే రోమన్ల వైన్ దేవుడి వేషం వేసిన మనిషికి ఇచ్చేస్తాడు, ఇక పండగ అయ్యేదాకా ఊరు ఆయనదే. వేషాలతో పెద్ద ఊరేగింపు కూడా ఉంటుంది, ఆ రోజు జనం బాగా ఎక్కువ, పెద్దవాళ్లతో అయితే మామూలు రోజు పొద్దున్నే వెళ్లడం మేలు. మీ వ్రోత్స్వావ్‌లో వీధి వీధికీ మరుగుజ్జు బొమ్మలు ఉంటాయి కదా, అక్కడ బుల్లి బాకస్ బొమ్మలు, నాన్నగారికి వెతుక్కుంటూ తిరగడం సరదాగా ఉంటుంది. పక్కనే ద్రాక్షగుట్ట మీద పాల్మియార్నియా అని పెద్ద అద్దాల మేడ, లోపల ఎత్తైన తాటిజాతి చెట్లు, బయట వాలు మీద ద్రాక్షతీగలు. అక్కడ కూర్చుని కాఫీ తాగొచ్చు.

అమ్మగారి తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. స్టాళ్లలో పెద్ద రొట్టెముక్క మీద తెల్లగా వెన్నలాంటిది రాసి పక్కన ఉప్పు దోసకాయ పెట్టి ఇస్తారు, చూస్తే ఎవరికైనా నోరూరుతుంది, కానీ అది స్మాలెత్స్, పంది కొవ్వు. జురెక్ సూప్‌లో కూడా సాసేజ్ ఉంటుంది. పియెరోగి రుస్కియె అడగండి, లోపల ఆలుగడ్డ, పనీర్‌లాంటి త్వరూగ్ ఉంటాయి, కాకపోతే పైన వేయించిన కొవ్వుముక్కలు చల్లుతారు కొన్నిచోట్ల, అందుకే ముందే "బెజ్ మియెన్సా" అని చెప్పండి, మాంసం వద్దని. ఆలుగడ్డ అట్లు ప్లాత్స్కి కూడా బాగుంటాయి, గుడ్డు పడుతుంది వాటిలో, అది తింటారో లేదో మీరే చూసుకోండి. కొండప్రాంతపు పొగబెట్టిన గొర్రెపాల చీజ్ ఒస్త్సిపెక్ కాల్చి ఇస్తారు, రుచి అద్భుతం, కానీ పాలు విరగ్గొట్టడానికి వాడేది దూడ కడుపు నుంచి తీసింది కావచ్చు, పట్టింపు ఉంటే వదిలేయండి. తాగడానికి పళ్లు ఉడికించి చేసే కొంపొత్ ఉంటుంది.

ఇక చేతిపనులు. బొలెస్వావియెత్స్ మట్టి పాత్రలు కనిపిస్తే అమ్మగారు కదలరు. తెల్లటి పాత్ర మీద నీలం చుక్కలు, నెమలికన్నుల్లాంటి గుండ్రాలు, చిన్న స్పాంజి ముద్రని రంగులో ముంచి ఒక్కో చుక్కా చేత్తో అద్దుతారు, 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. కొనేముందు తిరగేసి అడుగున ముద్ర చూడండి, చేత్తో చేసిందని రాసి ఉండాలి.

మీరూ ఫ్రెండ్సూ వైన్ రుచి చూస్తే మాత్రం ట్రైన్‌లోనే రండి. అక్కడ రక్తంలో ఆల్కహాల్ 0.2 ప్రొమిల్ (వెయ్యి వంతుల్లో 0.2 వంతు) దాటి బండి నడిపితే నేరం, అంటే ఒక గ్లాసు కూడా చాలు ఇరుక్కోవడానికి. గ్లాసు పట్టుకుని వీధుల్లో తిరగడం కూడా కుదరదు, అనుమతి ఉన్న చోటే తాగాలి.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మా తాతగారు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించేవారు. ఎండ ఉండాలి ద్రాక్షకి అనేవారు. అంత చలిదేశంలో ఎలా పండుతుంది?

జవాబు: తాతగారి మాట కరెక్టే, ఎండ కావాలి, కాకపోతే అక్కడ జూన్‌లో పగలు 16 గంటలకి పైనే ఉంటుంది. మన దగ్గర తీగకి నిద్ర ఉండదు, ఏడాదికి రెండుసార్లు కత్తిరించి మనమే దారికి తెస్తాం, కాయ ఎండాకాలం ముందు కోతకొస్తుంది. అక్కడ చలికాలమంతా తీగ నిద్రపోయి వసంతంలో చిగురేస్తుంది, కోత సెప్టెంబర్, అక్టోబర్‌లో. అసలు గండం ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట పడే మంచు, ఒక్క రాత్రిలో చిగుళ్లన్నీ మాడిపోతాయి. అందుకే తొందరగా పండే, తెగుళ్లని తట్టుకునే రకాలు వేస్తారు, సొలారిస్ అని 1975లో జర్మనీలో పుట్టించిన తెల్లద్రాక్ష, ఎర్రవాటిలో రెజెంట్, రోండో. నా మట్టుకి సొలారిస్ తర్వాతే ఏదైనా.

2008లో చట్టం మారాక చిన్న రైతులు సొంత తోట వైన్ అమ్ముకోవడం తేలికైంది, తోటలు పెరిగాయి. కానీ చాలావరకు ఒకటి రెండు హెక్టార్లే, కోత చేత్తోనే, సీసాలు కొన్నే, అందుకే ధర ఎక్కువ, సూపర్‌మార్కెట్లో దొరకడం కష్టం. పండగలో చెక్క గుడిసెల వెనక నిలబడి వైన్ పోసేది చాలాసార్లు ఆ తోట యజమానే. మంచు పడిన రాత్రి ఏం చేశారో అడగండి, చెప్తూనే ఉంటారు.

ప్రశ్న: అక్కడి వైన్ ఇండియాకి తెచ్చుకోవచ్చా?

జవాబు: పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. చెకిన్ బ్యాగ్‌లోనే పెట్టండి, బట్టల మధ్య గట్టిగా చుట్టి. రెండిట్లో ఒకటి తేనెతో చేసే మద్యం మియూద్ పిత్నీ తీసుకోండి, లేబుల్ మీద ద్వూయ్‌నియాక్ అంటే తేనె, నీళ్లు సమానం, త్రూయ్‌నియాక్ అంటే ఒక వంతు తేనెకి రెండు వంతుల నీళ్లు. తీపి ఇష్టమైతే మొదటిది.